చరిత్రంతా ఎత్తు మీదే

స్పెయిన్ పటం మీద కోట బొమ్మ కనబడిందంటే సైకిలు యాత్రికుడు వెంటనే గేరు తగ్గించుకోవాలి. ఆ దేశంలో చరిత్రంతా ఎత్తు మీదే ఉంటుంది. పొలాలు, పందులు, ఆలివ్ తోటలు, పెట్రోలు బంకులు కింద. రాజులు, ప్రభువులు, మతగురువులు పైన. శత్రువుకు ఆయాసం రావాలని ఏరికోరి కట్టుకున్న ఊళ్ళవి. శత్రువులు ఎప్పుడో పోయారు. ఆయాసం మాత్రం సైకిలువాడి వాటాకు వచ్చింది.

ఈ సంగతి బాగా తెలిసొచ్చే ప్రాంతం ఎస్ట్రెమదూరా. పోర్చుగల్ సరిహద్దును ఆనుకుని, కాసెరెస్, బదహోస్ అనే రెండే జిల్లాలతో ఉంటుంది. రెండే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. స్పెయిన్ మొత్తంలో వైశాల్యానికి మొదటి స్థానం బదహోస్‌ది, రెండోది కాసెరెస్‌ది. రెండూ కలిపి 41,000 చదరపు కిలోమీటర్లు దాటతాయి, అందులో ఉండే జనం సుమారు పదిన్నర లక్షలు. అంటే చదరపు కిలోమీటరుకు పాతికమంది. 1960లో ఇక్కడ దాదాపు పదమూడు లక్షల ఎనభై వేలమంది ఉండేవారు. ఆ తర్వాత కూలి కోసం, ఫ్యాక్టరీ ఉద్యోగాల కోసం మాడ్రిడ్‌కు, బార్సిలోనాకు, జర్మనీకి చాలామంది తరలిపోయారు. పర్యాటక కరపత్రాలు ‘ప్రశాంతమైన రోడ్లు’ అని మురిసిపోయే ప్రశాంతతలో సగం ఆ వలసే. యాత్రికుడు అరగంటసేపు ఒక్క కారైనా ఎదురుపడకుండా తొక్కి ఆహా అనుకుంటాడు. అదే రోడ్డు పక్కన రోజూ బస్సు కోసం చూసే ముసలాయన ఏమనుకుంటాడో అడిగినవాడు లేడు.

ఎప్పుడైనా కారు వచ్చిందా, అప్పుడు అసలు వినోదం. స్పెయిన్ చట్టం ప్రకారం సైకిలును దాటే కారు కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం ఇవ్వాలి. అందుకోసం అవసరమైతే మధ్యలోని తెగని గీతనైనా దాటవచ్చు. ఇద్దరు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కడానికీ అనుమతి ఉంది. గుంపుగా పోతే ఆ గుంపంతా చట్టం దృష్టిలో ఒకే బండి. మొదటివాడు కూడలిలోకి అడుగు పెట్టాడంటే, తోకలో ఉన్న పొట్టాయన రొప్పుతూ దాటేదాకా కార్లు కాచుకోవాల్సిందే. ఇంత మర్యాద అలవాటు లేని యాత్రికుడు మొదట్లో కంగారుపడతాడు. వెనక కారు హారన్ కొట్టకుండా నిదానంగా వస్తుంటే, తన మీద ఏదో కేసు ఉందేమోనని అనుమానపడతాడు.

అయితే ఈ రాజభోగానికీ ఒక హద్దుంది: గొర్రెలు. పదో అల్ఫోన్సో రాజు 1273లో గొర్రెల యజమానుల సంఘాలకు రాజముద్ర వేసి, ‘మెస్తా’ పేరిట హక్కులు రాసిచ్చాడు. చలికాలంలో ఎస్ట్రెమదూరా గడ్డికి, వేసవిలో ఉత్తరాన లియోన్ కొండలకు మందలు నడిచిపోయేందుకు రాజమార్గాలు ఏర్పడ్డాయి. వాటిలో పెద్దవాటి వెడల్పు సుమారు 75 మీటర్లు. ఇవాళ్టి నాలుగు వరసల హైవే కూడా వాటి ముందు సందే. 1995లో చట్టం చేసి మరీ ఆ దారులను కాపాడుతున్నారు. గుర్తు పెట్టిన చోట మంద రోడ్డు దాటుతుంటే ముందు హక్కు మందదే. కారు సైకిలు కోసం ఆగుతుంది, సైకిలు గొర్రె కోసం ఆగుతుంది, గొర్రె ఎవరి కోసమూ ఆగదు.

పందుల హోదా ఇంకో మెట్టు పైన. రోడ్డుకు రెండు వైపులా ఎడంఎడంగా సింధూర వృక్షాలు, కింద గడ్డి, ఆ గడ్డిలో నల్లటి పందులు. ఈ రకం వనాన్ని అక్కడివాళ్ళు ‘దెయేసా’ అంటారు. శరత్తు చివర్నుంచి చలికాలమంతా రాలిన కాయలు తిని కొవ్వెక్కిన పంది తొడ మాంసం బంగారం ధర పలుకుతుంది. అందుకే ప్రభుత్వం 2014లో లెక్క కట్టి ఉత్తర్వు ఇచ్చింది: చెట్లు ఎంత దట్టంగా ఉన్నా హెక్టారుకు 1.25 పందులకు మించి మేపరాదు. పైన చెప్పిన జనసాంద్రతను హెక్టార్లలోకి మారిస్తే మనిషి వాటా పావు. అంటే ప్రభుత్వం పందికి గరిష్ఠంగా ఒప్పుకున్న కిక్కిరింపులో మనుషులు కిక్కిరిసేది ఐదో వంతే. ఈ లెక్క పందులకు చెప్పకపోవడమే మంచిది, గర్వం పెరుగుతుంది.

ఇక త్రుహీయో. నల్లరాతి బండల గుట్ట మీద కోట చాలా దూరం నుంచే కనిపిస్తుంది. ఎంతసేపు తొక్కినా అంతే దూరంలో ఉంటుంది. ఎక్కాక పెద్ద చౌకులో ఫ్రాన్సిస్కో పిసార్రో కంచు గుర్రం మీద కత్తి దూసి స్వాగతం చెబుతాడు. పెరూలో ‘ఇంకా’ సామ్రాజ్యాన్ని కూల్చిన పిసార్రో పుట్టింది ఈ ఊళ్ళోనే. అమెజాన్ నది పొడవునా ప్రయాణించిన మొదటి యూరోపియన్ ఒరెయానాదీ ఇదే ఊరు. చౌకు చుట్టూ ఉన్న మేడల్లో చాలావరకు అక్కడి సొత్తుతో లేచినవే. పరాయి బంగారంతో కట్టిన ఇళ్ళను మెచ్చుకోవాలా, తిట్టుకోవాలా అన్నది తేల్చుకునే ఓపిక ఆ ఎత్తు ఎక్కినవాడికి ఉండదు. ముందు నీళ్ళు కావాలి. విగ్రహం చేసింది చార్లెస్ రమ్సీ అనే అమెరికన్ శిల్పి, ఇక్కడ ప్రతిష్ఠించింది 1929లో. దీని జోడు పెరూ రాజధాని లీమాలో ఉంది. అక్కడి జనం ఆ గుర్రాన్ని ఒక్కచోట కుదురుగా నిలబడనివ్వలేదు, ఇక్కడినుంచి అక్కడికి తిప్పుతూనే ఉన్నారు.

కాసెరెస్ పాతపట్నం 1986 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. ప్రాకారం లోపల గులకరాళ్ళు పరిచిన సందులు. సైకిలు సీటు మీద కూర్చునే వెళ్ళాలనుకుంటే పళ్ళు కట్టించుకున్నవాళ్ళు కాస్త ఆలోచించుకోవాలి. ఇంత ఎత్తున, ఇంత గోడ కట్టుకున్నా 1229లో ఈ ఊరు క్రైస్తవ రాజుల చేతికి పోయింది. నాలుగేళ్ళకు త్రుహీయో కూడా. ఆ తర్వాత ఊళ్ళోని ప్రభువులు ఎవరి ఇంటి మీద వాళ్ళు బురుజు లేపుకుని ఒకరితో ఒకరు తగువులాడుకున్నారు. విసిగిన ఇసబెల్ రాణి బురుజుల తలలన్నీ నరికించింది, తనవైపు నిలిచిన ఒకాయన బురుజును మాత్రం వదిలేసింది. దాని పేరు కొంగల బురుజు. ఆ చేత్తోనే రాణిగారు కొండను కూడా రెండు గజాలు చెక్కించి ఉంటే సైకిలు లోకం ఆమెకు రుణపడి ఉండేది.

కొంగల బురుజన్న పేరు ఊరికే రాలేదు. ఈ సీమలో చర్చి గోపురం దొరికితే చాలు, తెల్లకొంగ మంచమంత గూడు కట్టేస్తుంది. కాసెరెస్ పక్కనున్న మాల్‌పార్తీదాను 1997లో ‘యూరోపియన్ కొంగల గ్రామం’గా ప్రకటించారు. ఎత్తు ఎక్కడంలో బాధ లేనివి ఇవొక్కటే.

ఎక్కినదాని కంటే కష్టం, ఎక్కాక తినడం. మధ్యాహ్న భోజనం రెండింటికి మొదలై నాలుగింటికి ముగుస్తుంది. నాలుగుంపావుకు చేరినవాడికి వంటగది తాళమే దర్శనం. రాత్రి భోజనం తొమ్మిదికి గానీ లేదు. శాకాహారి కష్టం వేరు. మాంసం వద్దని చెప్పి మామూలు సలాడ్ తెప్పించుకుంటే దాని మీద ట్యూనా చేప వచ్చి కూర్చుంటుంది. అలాంటివాడిని ఆదుకునేది ‘తోర్తా దెల్ కాసార్’ అనే గొర్రెపాల చీజు. ఆ పాలను విరగ్గొట్టేది ఒక ముళ్ళమొక్క పువ్వు. పైచెక్కు కోసి, లోపలి మెత్తటిదాన్ని రొట్టెతో తోడుకుని తింటారు.

ఉత్తరాన లా వేరా లోయలో పండేది మిరప. ఐదో చార్లెస్ చక్రవర్తి సింహాసనం వదిలేసి, 1557లో అక్కడి యూస్తె మఠానికి చేరాడు. కీళ్ళవాతం వల్ల ఆయన్ని పల్లకిలో మోసుకొచ్చారు. ఆయన మెట్లెక్కే పని లేకుండా నివాసానికి వాలు దారి కట్టారు. ఎస్ట్రెమదూరాలో ఎత్తు సమస్యను సరిగ్గా అర్థం చేసుకున్న పెద్దమనిషి ఆయనొక్కడే. ఇక మిరప. అమెరికా నుంచి స్పెయిన్ ఓడల్లో వచ్చి ఇక్కడి మఠాల తోటల్లో చేరింది. పోర్చుగీసు ఓడల్లో వెళ్ళింది భారతదేశం చేరి, చివరికి గుంటూరు యార్డులో తేలింది. లా వేరావాళ్ళు ఓక్ కట్టెల పొగలో సుమారు రెండు వారాలు ఆరబెట్టి పొడి చేస్తారు. కారం రకం అని రాసిన డబ్బా కొన్న తెలుగువాడికి అందులో పొగ వాసన దొరుకుతుంది. కారం కోసం ఇంటికి ఫోన్ చేసుకోవాలి.

గ్వాదలూపె మఠం పైనున్న వియువెర్కాస్ శిఖరం 1,600 మీటర్లు. 2021లో స్పెయిన్ సైకిలు పందెం ‘వుయెల్తా’ పద్నాలుగో దశను అక్కడ ముగించారు, ఫ్రాన్సుకు చెందిన రొమాఁ బార్దె గెలిచాడు. ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. అప్పట్లో ఆయన వృత్తే అది.

వెళ్ళదలిస్తే ఏప్రిల్, మే నెలల్లోనో, అక్టోబరులోనో వెళ్ళండి. జూలైలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, నీడ కోసం పందులతో పోటీ పడాల్సి వస్తుంది. మోకాళ్ళ మీద నమ్మకం లేనివాళ్ళు మేరిదాతో మొదలుపెట్టడం మేలు. క్రీ.పూ. 25లో అగస్టస్ చక్రవర్తి రిటైరైన సైనికుల కోసం కట్టించిన ఊరది. రిటైరైనవాళ్ళకు ఎత్తులెందుకని కాబోలు, గ్వాదియానా నది ఒడ్డున పల్లంలో కట్టించాడు. నది మీద అరవై కమానుల రోమన్ వంతెన ఇప్పటికీ వాడుకలో ఉంది. పొడవు దాదాపు 800 మీటర్లు, మొత్తం చదును. 1991 నుంచి దాని మీద కార్లు నడవడం లేదు.