జిమ్ము ఉచితం, చెత్త ముప్పై డాలర్లు

రండి రండి! డాలస్‌కి ఉత్తరాన ఏ సబర్బ్‌కైనా రండి. ప్లేనో, ఫ్రిస్కో, రిచర్డ్‌సన్, మీ ఇష్టం. లీజింగ్ ఆఫీసులో కుకీలు వేడివేడిగా ఉన్నాయి. కాఫీ ఉచితం. జిమ్ము ఉచితం. ఈతకొలను ఉచితం. ఫ్లాటు చూపించే అమ్మాయి నవ్వు కూడా ఉచితమే.

మరి డబ్బులు దేనికి? అప్లికేషన్ ఫీజు. తిరిగిరాదు. అడ్మిన్ ఫీజు. అదీ తిరిగిరాదు. పిల్లిని పెంచుకుంటే పిల్లికీ నెలనెలా అద్దె. గుమ్మం ముందు పెట్టిన చెత్త సంచి ఎత్తుకెళ్లినందుకు నెలకు పాతికో ముప్పయ్యో డాలర్లు. ‘మా చెత్త మేమే పడేసుకుంటామండీ’ అంటారా? కుదరదు. జీతం అద్దెకు మూడింతలుండాలి. ఈ మధ్యే వచ్చారా, క్రెడిట్ హిస్టరీ లేదా? అయ్యో పాపం, డిపాజిట్ ఇంకాస్త ఎక్కువ కట్టండి.

టెక్సాస్‌లో స్వేచ్ఛకేం కొదవ లేదు. ఏ ఊరైనా అద్దెలకు పగ్గం వేద్దామంటే మాత్రం రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. విపత్తు వచ్చి ఉండాలి, పైగా గవర్నరు సరేననాలి. అద్దెదారు జేబులో నెలనెలా వచ్చే విపత్తు ఆ లెక్కలోకి రాదు. ఎందుకంటే ధర తేల్చేది మార్కెట్టు. మనల్ని కాపాడేది పోటీ.

సరే, ఆ పోటీ సంగతే చూద్దాం. రియల్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. కొలువు ఆ రిచర్డ్‌సన్‌లోనే. ఏ ఫ్లాటుకి ఎంత అద్దె చెప్పాలో యజమానులకు సలహా చెప్పే యంత్రం దానిది. 2022 అక్టోబరులో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ ఈ వ్యవహారాన్ని బయటపెట్టింది. 2024 ఆగస్టులో అమెరికా న్యాయశాఖ దావా వేసింది. ఒకరితో ఒకరు పోటీ పడాల్సినవాళ్లు తమ గుట్టు లెక్కలన్నీ ఒకే యంత్రానికి అప్పజెప్పి అద్దెలు పెంచుకుంటున్నారని అభియోగం. అబ్బే, మేం అలాంటివాళ్లం కామంది కంపెనీ. ఎనిమిది రాష్ట్రాలు దావాలో చేయి కలిపాయి. నార్త్ కరోలినా ఉంది, టెనెసీ ఉంది. కంపెనీని ఒళ్లో పెట్టుకున్న టెక్సాస్? మీరే చెప్పండి.

నలుగురు వ్యాపారులు టీకొట్టు దగ్గర కూడి ఉల్లిపాయ ధర ఖాయం చేసుకుంటే సిండికేటు. సర్వరు దగ్గర కూడితే టెక్నాలజీ! 2025 నవంబరులో న్యాయశాఖ రాజీకొచ్చింది. జరిమానా లేదు. కంపెనీ తప్పు ఒప్పుకున్నదీ లేదు. ఇకమీదట తాజా గుట్టు లెక్కలు వాడకపోతే చాలట. మీరు నాలుగో తేదీన అద్దె పట్టుకెళ్లి, ‘ఇకమీదట ఆలస్యం చేయను’ అనండి చూద్దాం. లేటు ఫీజు మాఫీ చేసి కుకీ చేతిలో పెడతారేమో!

ఇక ఇల్లు ఖాళీ చేశాక డిపాజిట్ 30 రోజుల్లో తిరిగివ్వాలని చట్టం. మామూలు అరుగుదలకు కోత పెట్టకూడదన్నదీ చట్టమే. అయినా కార్పెట్ మీద మచ్చకీ, గోడలో మేకు బెజ్జానికీ, వంటింట్లో పోపు వాసనకీ బిల్లులొస్తాయి. రెండొందల డాలర్ల కోసం సెలవు పెట్టి కోర్టుకెళ్తారా? వెళ్లరు. వాళ్ల ధీమా అదే.

హెచ్‌1బీ వీసా మీదున్నవాడి ఉద్యోగం ఊడిందనుకోండి. కొత్త కంపెనీ వెతుక్కోవడానికో, దేశం విడవడానికో సర్కారిచ్చే గడువు మహా అయితే 60 రోజులు. ఇల్లు ఖాళీ చేయాలంటే చాలా లీజులు అడిగే నోటీసూ 60 రోజులే. పొద్దున లేఆఫ్ ఉత్తరం అందుకున్న మనిషి మధ్యాహ్నానికల్లా లీజింగ్ ఆఫీసుకి పరుగెత్తాలన్నమాట. లీజు మధ్యలో పోతే రీలెట్టింగ్ ఫీజు, తరచూ నెల అద్దెలో 85 శాతం. అది కట్టేస్తే పీడ వదిలిందనుకునేరు! కొత్త మనిషి దొరికేదాకా అద్దె మీ నెత్తినే. అదే మీరు అద్దె ఎగ్గొడితే? ఖాళీ చేయమనడానికి వాళ్లకి మామూలుగా మూడు రోజుల నోటీసు చాలు.

మరిన్ని అపార్ట్‌మెంట్లు కడితే అద్దెలు దిగుతాయి కదా అంటారా? కట్టనిస్తేగా! ఊరు ఎలా పెరగాలో ప్లేనో 2015లో ఓ ప్రణాళిక రాసుకుంది. అపార్ట్‌మెంట్లు వచ్చిపడతాయని గగ్గోలు. కోర్టు కేసు. 2020లో ఆ ప్రణాళికను అటకెక్కించారు. స్కూళ్లు పాడవుతాయి, ట్రాఫిక్ పెరుగుతుంది, ఇళ్ల ధరలు పడిపోతాయి. ఈ పాట ఇప్పుడు మన యాసలోనూ వినిపిస్తోంది. ఒకప్పుడు ఇర్వింగ్‌లో డబుల్ బెడ్‌రూములో అయిదుగురితో కలిసి పరుపులు పరుచుకున్న పెద్దమనిషే ఇప్పుడు మైకు వదలడు. ‘రెంటుకుండేవాళ్లొస్తే కమ్యూనిటీ క్వాలిటీ పోద్ది బ్రదర్!’

ఈయనగారికి రెండో ఇల్లుంది. అద్దెకే. వాట్సాప్ గ్రూపులో ప్రకటన చూశారా? వెజిటేరియన్ ఫ్యామిలీకి మాత్రమే. క్రెడిట్ స్కోరు 750 పైన. రెండు నెలల డిపాజిట్. వంటింట్లో వేపుళ్లు చేయరాదు. గ్యారేజీ ఓనరు వాడుకుంటారు.