లిమిటు తగ్గించిన చేతికి దండం

అయ్యా ఋణదాతలారా! అమెరికా దేశంలో ఇంటింటికీ క్రెడిట్ కార్డు పంచిన మహా సంస్థలారా! 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడుల బ్యాంకు దివాలా తీసింది మొదలు ఏడాదిన్నర రెండేళ్లపాటు మీరు చూపిన సుగుణాలను లోకం మరిచిపోకూడదు. మరిచిపోతే, మళ్లీ ఆ రోజులు వచ్చినప్పుడు జనం మిమ్మల్ని పోల్చుకోలేక మళ్లీ కొత్తగా దెబ్బ తింటారు. అందుకే మీ గుణాలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి కీర్తిస్తున్నాను. ఇందులో లేనిది కల్పించి పొగిడింది ఒక్కటీ లేదు.

మొదట మీ దాతృత్వం. మార్కెట్ బాగున్న రోజుల్లో మీకన్నా చేయి పెద్దది ఎవరికుంది? ‘మీకు కార్డు ముందే మంజూరైంది’ అంటూ ఏటా వందల కోట్ల ఉత్తరాలు పోస్టులో పంపారు. అడిగినవాడికి ఇచ్చారు, అడగనివాడికీ ఇచ్చారు. ఇంకా సంపాదన మొదలుపెట్టని కాలేజీ పిల్లలకు క్యాంపస్‌లో బల్ల వేసుకుని కూర్చుని, టీషర్టు చేతిలో పెట్టి సంతకం తీసుకున్నారు. జీతం పెరగకపోయినా లిమిటు పెంచారు. వాడు వద్దనేలోపే పెంచారు. ఆ పెంపును చూసి సామాన్యుడు ఏమనుకున్నాడు? ‘కష్టం వస్తే ఆదుకోవడానికి ఇదొకటి ఉంది’ అనుకున్నాడు. ఆ మాట అతని నోట వస్తుందని మీకు తెలుసు. తెలిసే ఇచ్చారు.

రెండోది మీ ముందుచూపు. కష్టం అతని గడప తొక్కకముందే మీకు కనిపించింది. అమెరికాలో నిరుద్యోగం 10 శాతానికి చేరింది 2009 అక్టోబరులో. మీ కత్తెర మాత్రం అంతకు ఎన్నో నెలల ముందే పని మొదలుపెట్టింది. ఉద్యోగం పోయినవాడికి అప్పు కావాలి కాబట్టి, పోకముందే అప్పు దారి మూసేశారు. బ్యాంకుల లోతుపాతులు తెలిసిన విశ్లేషకురాలు మెరెడిత్ విట్నీ 2009 మార్చిలోనే హెచ్చరించింది: కార్డుల మీద ఇచ్చిన లిమిట్లలో 2 లక్షల కోట్ల డాలర్లకు పైగా కోతకు గురికాబోతున్నాయని. వరద వస్తుందని ముందే పసిగట్టి ఊళ్లో ఉన్న పడవలన్నీ ఒడ్డెక్కించిన మీ జాగ్రత్తను ఏమని పొగడను!

మూడోది మీ సూక్ష్మదృష్టి. మనిషిని అతని నడవడి చూసి అంచనా వేయడం పాత పద్ధతి. మీరు అతని పక్కన ఎవరు నిలబడ్డారో చూశారు. 2008 శరదృతువులో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఒక ఖాతాదారుకు పంపిన ఉత్తరం ఆ దేశంలో పెద్ద చర్చ అయింది. అతని లిమిటు 10,800 డాలర్ల నుంచి 3,800 డాలర్లకు పడిపోయింది. అతను బాకీ ఎగవేసినవాడు కాదు, సకాలంలో కడుతున్నవాడే. కారణాల్లో ఒకటిగా ఉత్తరంలో చెప్పిందేమిటంటే, ఈ మధ్య అతను సరుకులు కొన్న దుకాణాల్లో కార్డు వాడిన ఇతరులు తమ బాకీలు సరిగ్గా తీర్చడం లేదట! ఏ దుకాణమో చెప్పలేదు. ఎవరా ఇతరులో చెప్పలేదు. ధరలు తక్కువ ఉన్న కొట్టుకు వెళ్లి నాలుగు డాలర్లు మిగుల్చుకుందామనుకున్న పొదుపరి ఆ కొట్టు గుమ్మం దాటినందుకే అనుమానితుడయ్యాడు. పేదవాడు తిరిగే వీధిలో తిరగడమే ఒక నేరమని కంప్యూటర్ చేత చెప్పించగలిగిన మీ మేధకు జోహారు. తర్వాత ఆ సంస్థ ఆ పద్ధతి మానేశానని ప్రకటించింది. 2009లో క్రెడిట్ కార్డుల మీద వచ్చిన ‘కార్డ్ చట్టం’, కొనుగోళ్ల తీరును బట్టి లిమిట్లు తగ్గించే అలవాటు మీద నివేదిక ఇవ్వమని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వును ఆదేశించింది. అమెరికా కాంగ్రెసు ఆరా తీసేంత ఘనత ఎంతమందికి దక్కుతుంది?

నాలుగోది మీ గణితం. దీన్ని దగ్గరగా చూడాలి. ఒక నర్సుకు 10,000 డాలర్ల లిమిటు ఉంది, అందులో 3,000 వాడుకుంది. అంటే వాడకం 30 శాతం. మీరు ఆమె లిమిటును 3,500కి దించారు. ఆమె ఒక్క పైసా కొత్తగా వాడలేదు, ఒక్క వాయిదా తప్పలేదు. అయినా తెల్లారేసరికి ఆమె వాడకం 85 శాతం దాటింది. అప్పిచ్చేవాళ్లు మనిషిని తూచే ఫికో స్కోరులో దాదాపు 30 శాతం బరువు, మనిషి ఎంత బాకీ ఉన్నాడు, ఇచ్చిన లిమిటులో ఎంత వాడేశాడు అన్న లెక్కకే ఉంటుంది. స్కోరు పడింది. ఆమె దగ్గరున్న రెండో కార్డు కంపెనీ ఆ పడిన స్కోరు చూసి భయపడి తానూ తగ్గించింది. స్కోరు ఇంకా పడింది. ఇల్లు మార్చుకుందామని అద్దెకు అడిగితే యజమాని స్కోరు చూసి మొహం తిప్పుకున్నాడు. ఆమె ప్రమాదకరమైన ఖాతాదారు అని మీరు అనుమానించారు. మీ అనుమానమే ఆమెను కాగితం మీద ప్రమాదకరంగా మార్చింది. తన జోస్యాన్ని తానే నిజం చేసుకోగల శక్తి మీకు తప్ప ఏ జ్యోతిష్కుడికీ లేదు.

ఈ గణితంలోనే ఇంకో మెళకువ ఉంది. అప్పు తీర్చేవాడి వెంటబడి లిమిటు దించుకుంటూ రావడం. 6,000 బాకీ ఉన్నవాడు నోరు కట్టుకుని 500 కడితే లిమిటు కూడా 500 దిగుతుంది. వచ్చే నెల ఇంకో 500 కడితే ఇంకో 500. కట్టిన ప్రతి డాలరూ అతనికి ఊపిరి పీల్చుకునే చోటు ఇవ్వాలి. ఇక్కడ ఎంత కట్టినా అతను ఎప్పుడూ అంచునే నిలబడి ఉంటాడు. ఎగ్గొట్టేవాడి దగ్గర మీకు దొరికేది ఏమీ లేదు. కట్టేవాడే మీకు లోకువ.

ఐదోది మీ మర్యాద. ఒకరి కష్టాన్ని నలుగురిలో చెప్పకూడదని పెద్దలంటారు. మీరు ముందుగా అతనికే చెప్పలేదు. అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి నిర్ణయం తీసుకున్నాక 30 రోజుల్లోపు తెలియజేస్తే చాలు. కాబట్టి ముందు కోత, తర్వాత ఉత్తరం. ఈ మధ్యలో ఏం జరుగుతుంది? ఇద్దరు పిల్లలతో కిరాణా కొట్లో వరుసలో నిలబడిన తల్లి కార్డు గీకుతుంది. ‘డిక్లైన్డ్’ అని వస్తుంది. మళ్లీ గీకుతుంది. వెనక వరుసలో వాళ్లు గడియారాలు చూసుకుంటారు. పాలు ఉంచుకుని, మిగతావి ఒక్కొక్కటే తీసి కౌంటర్ మీద పెడుతుంది. తాను ఏం తప్పు చేసిందో ఆమెకు ఆ క్షణాన తెలియదు. మీ ఉత్తరం అప్పటికి పోస్టులో ఉంది. 2009 మే 22న సంతకమై, మరుసటి ఫిబ్రవరిలో చాలావరకు అమల్లోకి వచ్చిన కార్డ్ చట్టం వడ్డీ పెంచాలంటే 45 రోజుల ముందు చెప్పమంది. లిమిటు తగ్గించడానికి ఆ నియమం పెట్టలేదు. తగ్గించిన లిమిటు దాటినందుకు జరిమానా వేయాలంటే మాత్రం 45 రోజుల నోటీసు కావాలంది. అంటే ఆమె డబ్బుకు కొంత రక్షణ దొరికింది, ఆ వరుసలో పోయిన పరువుకు దొరకలేదు.

ఆరోది మీ అదృష్టం. 2008 అక్టోబరు 3న అమెరికా ప్రభుత్వం 70,000 కోట్ల డాలర్ల సహాయ నిధికి చట్టం చేసింది. మొదటి విడతలోనే తొమ్మిది పెద్ద సంస్థలకు 12,500 కోట్ల డాలర్లు కేటాయించింది. బ్యాంకు హోల్డింగ్ కంపెనీగా మారిన అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌కు 2009 జనవరిలో 339 కోట్ల డాలర్లు అందాయి. ఆ సంస్థ ఆరు నెలలు తిరక్కుండా జూన్‌లో తిరిగి కట్టేసింది, అది నిజంగా మెచ్చుకోదగ్గ సంగతే. కానీ ఒక్కటి గుర్తు చేసుకోండి. మీ పక్క బ్యాంకు మునిగిపోయిందని ప్రభుత్వం మీ లిమిటు తగ్గించలేదు. మీరు ఏ వీధిలో వ్యాపారం చేశారని అడగలేదు. కష్టకాలంలో ఉన్నవాడికే అప్పు అవసరమని అది గుర్తించింది. ఆ డబ్బు పన్ను కట్టిన జనానిది. కిరాణా వరుసలో నిలబడిన ఆ తల్లిది కూడా.

మీ భయం ఉత్త భయమని నేను అనను. 2009, 2010లలో కార్డు బాకీల్లో రాని పద్దుగా కొట్టేయాల్సి వచ్చిన వాటా ఒక దశలో ఏడాది లెక్కన 10 శాతం దాటింది. వాడని లిమిటు కూడా మీకు ఒక బరువే, ఉద్యోగం పోయినవాడు ఒక్కరోజులో దాన్నంతా వాడేయగలడు. జాగ్రత్త పడటం మీ ధర్మం. అయితే ఆ జాగ్రత్త లిమిట్లు ఎడాపెడా పెంచిన 2005లో ఎక్కడికి వెళ్లింది? పంచేటప్పుడు లేని వివేకం లాక్కునేటప్పుడే మేలుకుంటే, దాని ఖర్చు భరించేది మీరు కాదు.

ఆ రోజుల్లో మన తెలుగువాళ్లూ అక్కడ ఉన్నారు. హెచ్-1బీ వీసా మీద పనిచేసేవాడికి ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి అప్పట్లో గడువే లేదు. 60 రోజుల వెసులుబాటు 2017లో గానీ రాలేదు. ఇల్లు ఖాళీ చేసి, నలుగురికి విమానం టికెట్లు కొని, హైదరాబాదుకో విజయవాడకో తిరిగి రావాలంటే ఆధారం ఆ కార్డే. సరిగ్గా ఆ వారాల్లోనే మీ ముందుచూపు పనిచేసింది.

మన దేశంలోనూ ఈ గుణాలకు కొంత చోటుంది. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం కార్డు లిమిటు పెంచాలంటే ఖాతాదారు స్పష్టమైన అంగీకారం తప్పనిసరి. ఇది మంచి నియమం. తగ్గిస్తే మాత్రం తెలియజేస్తే సరిపోతుంది.

ఋణదాతలారా, మీ గుణాలన్నీ ఉంచుకోండి, మూడు మాత్రం మార్చుకోండి. తగ్గించాలంటే 45 రోజుల ముందు చెప్పండి. వేళకు కట్టేవాణ్ని అతని సొంత లెక్కతోనే తూచండి, పక్కవాడి లెక్కతో వద్దు. మీరు చేసిన కోత వల్ల అతని స్కోరు పడకుండా చూసే బాధ్యత మీదీ, స్కోరు లెక్కగట్టే సంస్థలదీ.

పాఠకులకు ఒక్క మాట. కార్డు మీద కనిపించే అంకె మీ డబ్బు కాదు, ఇచ్చినవాడి చేతిలో ఉన్న తాడు. అతనికి భయం వేసిన రోజున లాగేసుకుంటాడు. ఆపదకు దాచుకునే సొమ్ము, ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడేంత, మీ సొంత ఖాతాలో పెట్టుకోండి. ఈ నెల నుంచే మొదలుపెట్టండి.