చక్రం ఊగితే బేరం లేదు

ఇప్పటి పిల్లకాయలు రివాల్వర్ కొనేముందు చూసేది ఒక్కటే, నడుముకు పెట్టుకుంటే చొక్కా కింద ఎంత ఉబ్బుగా కనపడుతుందని. పేలాల్సినప్పుడు పేలుతుందా, పేలకూడనప్పుడు గమ్మున పడుంటుందా అని అడిగేవాడు లేడు. 1999లో ‘సమరసింహారెడ్డి’ సినిమా వచ్చినప్పటి నుంచి కర్నూలు, కడప అంటే లోకానికి సుమోలు, బాంబులే. బయటివాళ్లు నమ్మితే నమ్మినారు, మనోళ్లూ నమ్మేసినారు. అదీ నా మంట.

మా రోజుల్లో కలెక్టరాఫీసు, పోలీసు విచారణ దాటి లైసెన్సు చేతికొచ్చేసరికి మనిషికి సగం జుట్టు నెరిసేది. అంత తిరిగి తెచ్చుకున్న కాగితంతో కంతల సరుకు కొంటామా? 1980ల్లో విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయినాక, గతి కాన్పూరు సర్కారు ఫ్యాక్టరీ .32 రివాల్వరో, ఎవరో పెద్దాయన వాడి అమ్మే పాత విదేశీ వెబ్లీనో. అందుకే సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు చూసేవాళ్లు.

ముందు తెరిచి, తూటాలు పెట్టే చక్రంలో ఆరు గుల్లలూ ఖాళీ అని తాను చూసి, పక్కవాడికీ చూపించాలి. కాన్పూరుది నడుమ విరిచినట్టు తెరుచుకునే రకం. మూసినాక గొట్టాన్నీ పిడినీ పట్టి కదిపితే కొక్కెం దగ్గర టకటకమనకూడదు. హ్యామర్‌ను మెల్లగా వెనక్కి లాగితే, అది నిలిచేసరికి చక్రం గాడిలో పడి బిగుసుకోవాలి. ఆరు గుల్లలకూ ఇదే పరీక్ష. ఒక్క గుల్ల గొట్టానికి సూటిగా రాకపోయినా తూటా అంచు గీరుకుని సీసం తునకలు పక్కకు చిమ్ముతాయి. ఎత్తి నిలిపిన హ్యామర్‌ను బొటనవేలితో ముందుకు నెట్టి చూసేవాళ్లు. జారిందా, ఇంక దాన్ని ముట్టేదే లేదు. చివరన గొట్టం వెనక తెల్లకాగితం పట్టి లోపలి మెలికల గాళ్లు తేటగా ఉన్నాయా, తుప్పు గుంటలున్నాయా అని చూసేది. స్క్రూ తలలు చెదిరి ఉంటే, ఎవడో ఇంట్లో విప్పినాడని లెక్క. ఊరికే టిక్కుటిక్కుమని నొక్కినవాడి చేతి మీద దెబ్బ పడేది.

సరుకు చెడిందని నేననను. 2014లో కాన్పూరువాళ్లే ‘నిర్భీక్’ తెచ్చినారు, టైటానియం ఒళ్లు, అరకిలో బరువు, ధర 1,22,360 రూపాయలు. దాన్ని నగల పెట్టెలో పెట్టి ఇచ్చినారు! 2023లో చక్రం పక్కకు తెరుచుకునే ‘ప్రబల్’ వచ్చింది. 2016 ఆయుధాల రూల్స్ శిక్షణ సర్టిఫికెట్ తెమ్మన్నాయి, 2019లో మనిషికి మూడు తుపాకులు కాదు, రెండే అన్నారు. అన్నీ మంచివే. కొనేవాడే చెడినాడు. పెట్టె తెరుస్తానే ఫోటో, ఆ ఫోటోలో వేలు ట్రిగ్గర్ మీదనే! పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని చట్టంలో ఉండాదప్పా అంటే, “తాతా, నీకు తెలీదులే” అంటాడు.

నన్నడిగితే ఆ డబ్బుకు పాడిగేదెను కొనుక్కో, పాలైనా ఇస్తుంది. కాదు, రివాల్వరే కావాలంటావా, నీ ఇష్టం. ఎన్నికల కోడ్ వస్తే ఎట్లాగూ స్టేషన్లో అప్పజెప్పమంటారు. మళ్లీ తెచ్చుకునేటప్పుడైనా, నంబరు సరిచూసి, చక్రం ఒకసారి తిప్పి చూసుకో నాయనా.