ఇటలీ బావ

మా బావ ఇటలీ వెళ్లలేదు. పాస్‌పోర్టు కూడా లేదు. అయినా చుట్టాలందరికీ ఆయన ‘ఇటలీ బావ’. ఒకే ఒక్క సినిమా పుణ్యమా అని వచ్చిన బిరుదది.

ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. ఘంటసాల పాటల్లో మనం పాడుకునేదేదీ ఆయనకు ఆనదు. రికార్డు వెనకవైపున పడి ఉన్నదే అసలు పాటంటాడు. హోటలుకెళ్తే అందరూ తినే దోసె వద్దని, కార్డులో చిట్టచివర ఉన్నదేదో తెప్పించుకుని, మింగుడు పడకపోయినా బ్రహ్మాండం అంటాడు. మా బావ ఈ జబ్బును ఇటలీ దాకా తీసుకెళ్లాడు, అంతే తేడా.

పెళ్లిపందిట్లో కుర్రాళ్లు దెయ్యాల సినిమాల ఊసెత్తితే చాలు, ఎక్కడున్నా కుర్చీ లాక్కుంటూ వచ్చేస్తాడు. “డారియో అర్జెంటో తెలుసా?” తెలీదంటే పాఠం. తెలుసంటే పెద్ద పాఠం. ‘సస్పీరియా’ చూశానని ఏ పిల్లాడైనా నోరు జారాడో, బావ ముఖం వెలిగిపోతుంది. “అది అందరూ చూస్తారు నాన్నా. ఆయన తీసిన కామెడీ చూశావా?” చూసినవాడు ఇప్పటిదాకా తగల్లేదు. తగలకూడదనే బావ మొక్కుకుంటాడని నా అనుమానం.

ఆ కామెడీ పేరు ‘లె చింక్వె జోర్నాతె’. ఐదు రోజులన్నమాట. 1970, 71ల్లో వరసగా మూడు హత్యల సినిమాలతో ఇటలీని హడలగొట్టిన అర్జెంటో, 1973లో ఉన్నట్టుండి దీన్ని తీశాడు. 1848 మార్చి 18 నుంచి 22 దాకా మిలాన్ జనం ఆస్ట్రియా సైన్యం మీద తిరగబడి దాన్ని ఊళ్లోంచి తరిమేశారు కదా, ఆ కథ. కాకపోతే ఇందులో హీరో వీరుడు కాదు, కైనాజ్జో అనే దొంగ. ఊళ్లో ఫిరంగులు మోగుతుండగా జైల్లోంచి బయటపడతాడు. రోములో అనే రొట్టెలు కాల్చే అమాయకుడు వాడికి తోడు. ఊరంతా స్వేచ్ఛ, స్వేచ్ఛ అని గొంతు చించుకుంటుంటే ఈ ఇద్దరూ ఒక గొడవలోంచి తప్పించుకుని ఇంకో గొడవలో పడుతూ ఉంటారు. జనం నెత్తురు చూద్దామని హాలుకొచ్చారు, చరిత్ర కనబడింది. సినిమా ఆడలేదు. అర్జెంటో బుద్ధిగా హత్యలకే తిరిగొచ్చి, 1975లో ‘ప్రొఫోందో రొస్సో’ తీసి ఒడ్డున పడ్డాడు. ఆనాడు ఇటలీ ప్రేక్షకులు చేసిన తప్పుకి ఇవాళ్టికీ మా కుటుంబం శిక్ష అనుభవిస్తోంది.

బావతో ఆ సినిమా చూడటం ఒక పరీక్ష. ఆయన టీవీ వైపు కూర్చోడు, మన వైపు తిరిగి కూర్చుంటాడు. నవ్వుతున్నామా లేదా చూడాలి కదా. జోకు రావడానికి ముందే తను నవ్వేసి, మనం నవ్వే వేళకి బొమ్మ ఆపి, అది ఎందుకు జోకో చెబుతాడు. కింద అక్షరాలు పడుతున్నా ఆయనే తెలుగులో చెప్పాలి. ఆ లెక్కన మిలాన్ దొంగలందరిదీ తెనాలి యాస.

మధ్యలో చరిత్ర. ఆ ఏడాది జనవరిలోనే, ఆస్ట్రియాకి పన్ను ముట్టకూడదని మిలాన్ జనం పొగతాగడం మానేశారట. ఇది నిజమే, పుస్తకాల్లో ఉంది. సైనికులేమో కావాలని వీధుల్లో చుట్టలు కాలుస్తూ తిరిగితే తలలు పగిలేదాకా వచ్చింది. ఆ సైన్యానికి పెద్ద రదెత్స్కీ, అప్పటికే 81 ఏళ్ల ముసలాయన. బావ ఇదంతా సిగరెట్టు చేత్తో పట్టుకునే చెబుతాడు.

“ఏవండీ, ఊరు ఊరంతా మానేసిందంటున్నారు. మీరెప్పుడు మానేస్తారు?” అంది అక్క.

“వాళ్లకి ఆస్ట్రియాతో గొడవ. మనకేం గొడవుంది?” అన్నాడు బావ.

సినిమా చివర్లో ఆ రొట్టెలవాణ్ణి తుపాకులతో కాల్చి చంపుతారు. “ఇది కామెడీయా బావా?” అంటే, “అందుకే కామెడీరా” అంటాడు. అన్నాక కళ్లజోడు తీసి తువ్వాలుతో తుడుచుకుంటాడు. ఎన్నిసార్లు చూసినా సరిగ్గా అక్కడే తుడుస్తాడు. ఆ జోడు పేపరు చదవడానికి చేయించుకున్నది; టీవీకి దాంతో పనే లేదు. ఈ ఒక్కచోట మాత్రం బావని ఏమీ అనబుద్ధి కాదు.

ఆ జాలితోనే ఒకసారి, “సినిమా నిజంగా బాగుంది బావా, మా ఆఫీసులో నలుగురికి చెప్పాను. వాళ్లకీ నచ్చింది” అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. “ఓహో” అన్నాడు. అక్కడితో అర్జెంటో పని అయిపోయింది. మళ్లీ కలిసేసరికి చేతిలో కొత్త పెన్‌డ్రైవు. “ఏరా, లూచియో ఫుల్చి తెలుసా?”

శవాలు లేచి మనుషుల్ని పీక్కుతినే ‘జోంబీ’ని 1979లో తీసిన ఫుల్చి, అంతకు ఇరవై ఏళ్ల ముందు తోతో అనే మహా హాస్యనటుడితో దర్శకుడిగా మొదలయ్యాడు. ఫ్రాంకో, చిచ్చో అనే జంటతో వరసపెట్టి నవ్వుల సినిమాలు తీశాడు. అర్జెంటోకి ఉన్నది ఒక్క కామెడీ. ఫుల్చికి అలమర నిండా ఉన్నాయి. మేం ఎన్నేళ్లు చూసినా బావకి లోటు రాదు.

అయితే ఈ గొడవలో అక్క వేరే దారి పట్టింది. అర్జెంటో సినిమాలో దొంగగా వేసిన అద్రియానో చెలెంతానో ఆమెకి తెగ నచ్చాడు. అసలాయన గాయకుడు. అర్థమే లేని మాటలు అమెరికావాళ్ల ఇంగ్లీషులా వినిపించేలా కూర్చి, 1972లో ఒక పాట పాడాడు. బావ తప్పుల్లేకుండా పాడే ఇటలీ పాట అదొక్కటే, తప్పు పట్టేందుకు అందులో భాషే లేదు కాబట్టి. అక్క ఆయన నడక చూసి, చేతులు తిప్పడం చూసి, మనవరాలి చేత వెతికించి 1980 నాటి ‘ఇల్ బిస్బేతికో దొమాతో’ పెట్టించుకుంది. మొండి రైతు, వెంటపడే అమ్మాయి, పాట పెట్టుకుని తొట్టిలో ద్రాక్షపళ్లు తొక్కే సీను. అక్క కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. ఎవరూ బొమ్మ ఆపడం లేదు, ఎవరూ అర్థం చెప్పడం లేదు.

బావ పేపరు అడ్డం పెట్టుకుని అటు తిరిగి కూర్చున్నాడు.

“మీరూ చూడొచ్చు కదండీ, ఎంత బాగుందో!”

“సిగ్గులేకపోతే సరి,” అన్నాడు బావ, “ఇటలీ అంతా ఎగబడి చూసిన సినిమా అది!”