సీటు కింద ఇంజన్

దిగువమెట్ట దాటి ఘాట్ ఎక్కుతుంటే వెనకాల సిమెంటు లారీ హారన్ కొట్టింది. పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. లోడు లారీకి దారివ్వడం నాకు తలకొట్టేసినట్టయింది. తర్వాత నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ ఆ పౌరుషం పిల్లలే.

బండి పాత మహీంద్రా వాయేజర్. మిత్సుబిషి నమూనా మీద 1997లో మార్కెట్లోకి వచ్చింది, ఎక్కువ కాలం సాగలేదు. కొన్ని అంబులెన్సులుగా తిరిగాయి, నేను కొన్నదీ అలాంటిదే. స్ట్రెచర్ పట్టాలు పీకించి మడత మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము అమర్చా. మహానంది, అహోబిలం, భైరవకోన, ఎక్కడ పొద్దుగూకితే అక్కడే పడక అని ఊహ. నల్లమలలో పులుల అభయారణ్యం ఉందనీ, దోర్నాల గేటు రాత్రిపూట మూసేస్తారనీ తెలిసి కూడా కట్టుకున్న ఊహ అది.

ఈ బండిలో ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. ఆయిలు చూడాలంటే సీటు ఎత్తాలి, కూర్చున్న మనిషి లేవాలి. ఇంజన్ వేడెక్కితే ఆ సంగతి మీటరు కంటే ముందు మా ఆవిడకు తెలుస్తుంది. "ఏమండీ, సీటు కాలుతోంది" అని ఆవిడ అంటూనే ఉంది, ఎండాకాలం అంతే అని నేను సర్దిచెబుతూనే ఉన్నా. చివరికి కంభం దాటాక హెడ్ గ్యాస్కెట్ పోయింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు తెల్లగా నురగ కట్టి ఉంది, అంటే నీళ్లు కలిశాయన్నమాట.

మార్కాపురంలో మేస్త్రి రేడియేటరు మీద అరచెయ్యి పెట్టి, పైనుంచి కిందికి మెల్లగా జరిపాడు. "సారూ, ఇక్కడ చెయ్యి పెట్టండి" అన్నాడు. పెట్టా. ఇంజన్ అప్పుడే ఆపాం, అయినా సగం భాగం చల్లగా ఉంది. "ఈ గొట్టాల్లో నీళ్లు తిరగట్లేదు. ముందు దీని సంగతి చూద్దాం. ఇంజనుకేమీ కాలేదు, హెడ్డు ఫేసింగ్ చేయించి గ్యాస్కెట్ మారిస్తే నడుస్తది."

ఆయన చెప్పింది అర నిమిషంలో అయిపోయింది. నేను అప్పటికే రాత్రుళ్లు ఇంజన్ల గురించి చదివి పండితుణ్ని అయిపోయి ఉన్నా. నా బండిలో ఉన్నది పాత పెజో డిజైను 2.5 లీటర్ల డీజిల్, శక్తి 70 పైచిలుకు హార్స్‌పవర్. 2002లో వచ్చిన మొదటి స్కార్పియోలో 2.6 లీటర్ల టర్బో, 109 హార్స్‌పవర్. రెండూ మహీంద్రావే కదా, మేనత్త పిల్లల్లా కలిసిపోతాయి అనుకున్నా. లారీని ఎలా దాటాలన్న లెక్క తప్ప వేరే లెక్క వెయ్యలేదు. మేస్త్రి రేడియేటరు అంటుంటే, పెద్ద పని చేతకాక చిన్న పని చెబుతున్నాడని కూడా అనుకున్నా. ఆ మాట పైకి అనలేదు, అంతవరకు నయం.

విజయవాడ ఆటోనగర్‌లో ఓ కొట్టువాడు "ఈ మోడల్‌కు గిరాకీ మామూలుగా లేదు సార్, రేపు వస్తే ఉండదు" అన్నాడు. ఆ రోజే కొనేశా.

తెచ్చాక తెలిసింది, ఇంజన్ ఒక్కటే మారదని. బెల్ హౌసింగ్ కలవలేదు, గేర్‌బాక్సు మార్చాం. మౌంటింగులు కొత్తగా వెల్డింగు చేయించాం. టర్బోకు గాలి గొట్టాలు పెట్టడానికి సీటు కింద చోటు చాల్లేదు, సీటు ఎత్తు పెంచాం. దాంతో మా ఆవిడ తల టాపుకు తగలడం మొదలైంది. బిల్లు పెరిగిపోతుంటే, ఎక్కడో ఒకచోట పొదుపు చెయ్యాలని పాత రేడియేటరే ఉంచమన్నా.

శక్తి పెరిగితే వేడీ పెరుగుతుంది. ఆ వేడిని బయటికి పంపాల్సింది సగం మూసుకుపోయిన ఆ రేడియేటరే. ఘాట్‌లో రెండో మలుపు కూడా ఎక్కలేదు, బండి ఆవిరి కక్కింది.

ఆ కొండల్లోనే దొరబావి వంతెన ఉంది, బ్రిటిష్ కాలం నాటి మీటర్ గేజి రైలుకు కట్టింది. బ్రాడ్ గేజి వచ్చినప్పుడు రైల్వేవాళ్లు పెద్ద రైలును దాని మీదకు ఎక్కించలేదు, దాన్ని వదిలేసి కొత్త దారి వేసుకున్నారు. బానెట్టు కూడా లేని బండి పక్కన నిలబడితే ఇలాంటివి బాగా గుర్తొస్తాయి.

మేస్త్రి రేడియేటరు విప్పి ట్యాంకు ఊడదీశాడు. గొట్టాల మూతుల్లో సున్నం గట్టిగా పేరుకుపోయింది, ఇనప ఊచతో పొడిచినా దిగలేదు. "ఏం నీళ్లు పోశారు సారూ?" అన్నాడు.

బోరు నీళ్లు. మా పడమటి ప్రకాశంలో బోరు నీళ్లంటే ఏమిటో నాకు చెప్పాలా? ఫ్లోరైడుతో ఒళ్లు వంకర్లు పోయిన పల్లెలున్నాయి ఇక్కడ. కృష్ణ నీళ్లు వస్తాయని వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు, అప్పటి పిల్లలకు ఇప్పుడు పిల్లలు. అంతదాకా ఎందుకు, మా ఇంట్లో నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది, నేనే గీకుతుంటా. ఉప్పు నీళ్లు కాగితే అందులోని కాల్షియం రాయిగా మారి అడుగున కూర్చుంటుంది. ఇంజన్లో జరిగిందీ అదే. తాగడానికి క్యాను నీళ్లు కొనుక్కున్న మనిషిని, బండికి మాత్రం గొట్టం పెట్టి బోరు నీళ్లు పట్టా. కూలెంటు కొనమంటే దండగ ఖర్చన్నా.

ఇక కాగితాల సంగతి. 15 ఏళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషను పొడిగించాలంటే బండిని ఆర్టీఓ ఆఫీసులో చూపించాలి, ఇంజన్ నంబరు ఆర్సీతో సరిపోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉందనీ, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందనీ పక్కవీధి వకీలు చెప్పాడు. ఇంజన్ల గురించి అంత చదివిన నాకు ఈ ఒక్క సెక్షనే కంటపడలేదు.

మేస్త్రి పాత ఇంజన్‌ను తుక్కుకు వెయ్యలేదు. షెడ్డు వెనక పట్టా కప్పి ఉంచాడు. "మీరు మళ్లీ వస్తారని తెలుసు" అననైనా అనలేదు, నేరుగా హెడ్డు ఫేసింగుకు పంపాడు. రేడియేటరుకు కొత్త కోరు, డిస్టిల్డ్ వాటర్లో కలిపిన కూలెంటు. గేర్‌బాక్సు, మౌంటింగులు మళ్లీ పాతవే. సీటూ దిగింది. బండి ఘాట్ ఎక్కుతోంది. లారీలు హారన్ కొడుతూనే ఉన్నాయి.

స్కార్పియో ఇంజన్ ఇంటి వరండాలో ఉంది. ఆటోనగర్ కొట్టువాడికి ఫోన్ చేసి వెనక్కి తీసుకుంటావా అని అడిగా.

"ఆ మోడల్ ఇప్పుడెవరూ అడగట్లేదు సార్" అన్నాడు.