తాండూరులో కూర్చుని వికారాబాద్‌లో లినక్స్ ఎక్కించడమెలా?

కావలసినవి: తాండూరులో మీరు, వికారాబాద్‌లో ఒక బామ్మర్ది, అతని దగ్గర కాస్త ర్యామ్ ఉన్న కంప్యూటర్. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని రైలెక్కితే పని అయిపోతుంది. కాబట్టి ఆ ఆలోచన మానుకోండి.

ముందు సొంత లినక్స్ తయారుచేయాలి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు. దానికోసం మెనూల్లో మాటలన్నీ కూర్చుని తెలుగు చేయాల్సి వచ్చింది. మనకంత ఓపికెందుకు? డెబియన్‌కు అనంతగిరి కొండల వాల్‌పేపర్ పెట్టి, రెండు తెలుగు ఫాంట్లు వేసి, పేరు మార్చేస్తే సరి. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది గనక నాది ‘కంది ఓఎస్’.

ఇక బామ్మర్ది కంప్యూటర్‌లో వర్చువల్ మెషిన్ చేయించి, నెట్‌వర్క్ నుంచి లేచేలా పీఎక్స్‌ఈ పెట్టించండి. దాని డిస్క్ ఖాళీ. లేస్తూనే ‘నాకో అడ్రస్ ఇయ్యండి, బూట్ ఫైలు ఎక్కడుందో చెప్పండి’ అని కేకేస్తుంది. ఆ కేక ఇంటి రౌటర్ గడప దాటదు. అందుకే రెండిళ్లనూ ఒకే నెట్‌వర్క్ అనిపించే వీపీఎన్‌తో కలపండి. అక్కడి రౌటర్ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని మాత్రం ఆపకండి, మీదీ నడపండి. ఒకే పీటల మీద ఇద్దరు పంతుళ్లు మంత్రాలు చదివితే ఎంత సందడి! మా అత్తమ్మ టీవీ తాండూరు పంతులు మాట విని నా అడ్రస్ పుచ్చుకుంది. నేను ఇంటర్నెట్‌కు దారి చూపే గేట్‌వే రాయడం మరిచాను. సీరియల్ ఆగింది, ఫోన్ మోగింది.

“టీవీకి ఏం జేసిండ్రు అల్లుడా?”

కెర్నల్‌నూ, దాని వెంట వచ్చే ఇనిట్‌ఆర్‌డీనీ టీఎఫ్‌టీపీతోనే పంపండి. అది మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, ‘అందింది’ అన్న జవాబు వచ్చేదాకా రెండోది పంపదు. 100 ఎంబీ ఫైలంటే రెండు లక్షల పైచిలుకు ముక్కలు. జవాబు రావడానికి 50 మిల్లీసెకన్లు పట్టినా దాదాపు మూడు గంటలు. బస్తా కందులు గింజ గింజగా కాగ్నా దాటించడమన్నమాట. హెచ్‌టీటీపీ మీద తెచ్చే ఐపీఎక్స్‌ఈ ఉందని ఎవరైనా చెబితే విననట్టు ఉండండి.

“బావా, ఎంతదాక అయింది?”

“వస్తున్నది.”

చివరగా ఇన్‌స్టాలర్ అడిగేవాటికి ముందే జవాబులు రాసిపెట్టే ప్రీసీడ్ ఫైలు. అందులో డిస్క్ పేరు ఎస్‌డీఏ అనే రాయండి. వర్ట్ఐఓ డిస్క్ అయితే వర్చువల్ మెషిన్‌లో దాని పేరు వీడీఏ. కాబట్టి అర్ధరాత్రి ఇన్‌స్టాలర్ డిస్క్ కనబడలేదని ఆగి, జవాబు కోసం చూస్తుంది. అప్పటికి బామ్మర్ది గురక పెడుతుంటాడు.

నేను తెల్లారి రైలెక్కాను. మీరు తప్పదని మొదలుపెడితే, ముందు సీరియల్ వేళ కనుక్కోండి.