పెట్టె మాకు, తాళంచెవి మీకు

పుదుచ్చేరి రెడ్డియార్‌పాళయంలో విల్లుపురం రోడ్డు మీద ఏ జెరాక్స్ షాపు ముందైనా కాసేపు నిలబడండి, మన డిజిటల్ వైభవం కళ్లారా కనిపిస్తుంది. ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉన్న యానాం నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడ అద్దెకుంటున్న ఓ తెలుగాయన ఫోన్ చాపుతాడు. "ఆఫీసు మెయిల్ వచ్చింది తంబీ, రెండు కాపీలు తియ్యి." కుర్రాడు దాన్ని షాపు మెయిల్‌కి పంపించుకుని, రెండుసార్లు క్లిక్ కొట్టి, తలెత్తకుండానే తీర్పు చెబుతాడు. "ఓపెన్ ఆగల, సార్." అంటే తెరుచుకోలేదని. తెర మీద ఉన్నది ఆర్డరు కాపీ కాదు, విన్‌మెయిల్.డ్యాట్ అనే వింత వస్తువు. పెద్దాయన దొంగతనం చేసి దొరికినట్టు మొహం పెట్టి, "నా ఫోన్‌లోనే ఏదో తేడా ఉందయ్యా" అంటాడు.

లేదు మాస్టారూ. మీ ఫోన్ నిక్షేపంగా ఉంది.

ఔట్‌లుక్‌లో రిచ్ టెక్స్ట్ అనే సోకు ఒకటుంది. ఆ పద్ధతిలో మెయిల్ రాస్తే అక్షరాల రంగులు, పట్టికలు, జతచేసిన పీడీఎఫ్ అన్నీ కలిపి టీనెఫ్ అనే ఒకే మూటగా కడుతుంది. ఆ ముడి విప్పడం మైక్రోసాఫ్ట్ ఇంటివాళ్లకి వచ్చు. మూట పరాయి ఇంట్లో దిగిందా, విన్‌మెయిల్.డ్యాట్‌గా మిగులుతుంది. సారె పెట్టె పంపించి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్న వియ్యంకుడి మర్యాద ఇది. మందు లేదా అంటే ఉంది, చాలా చవక కూడా. పంపేవాడు మెయిల్‌ని హెచ్‌టీఎంఎల్‌కో ప్లెయిన్ టెక్స్ట్‌కో మార్చి మళ్లీ పంపాలి. లేదా సర్వర్ చూసే అడ్మిన్‌గారు బయటి డొమైన్లకు టీనెఫ్ వెళ్లకుండా ఒక్క సెట్టింగ్ మార్చాలి. కానీ ఆయన ఎందుకు మారుస్తాడు? ఆయన ఆఫీసులో అందరికీ తెరుచుకుంటూనే ఉందిగా! రోగం పంపినవాడిది, పథ్యం అందుకున్నవాడిది. ఊరూ పేరూ లేని 'విన్‌మెయిల్ ఓపెనర్లు' వెతుక్కుని, వాటితోపాటు వచ్చే వైరస్‌కీ అతిథి సత్కారం చేయాల్సింది మనమే.

అసలు ఈ గొడవలేవీ ఉండకూడదనే మైమ్ అనే ప్రమాణం పుట్టింది. నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ దాన్ని రాశారు. 1992 మార్చి 11న బోరెన్‌స్టీన్ తన పాటల బృందం ఫొటో, వాళ్లు పాడిన పాట మెయిల్‌కి జతచేసి పంపాడు. ఇదంతా ఎందుకని అడిగినవాళ్లకు, ఎప్పటికైనా నా మనవల ఫొటోలు మెయిల్లో చూసుకోవాలని చెప్పేవాడట. పాపం, మంచి కోరిక. ఇప్పుడు డల్లాస్‌లో కొడుకు ఐఫోన్‌తో మనవడి ఫొటో తీసి మెయిల్ చేస్తాడు. 2017లో ఆపిల్ తెచ్చిపెట్టిన హీక్ రూపంలో అది ప్రయాణం చేసి, రెడ్డియార్‌పాళయంలో తాతగారి పాత విండోస్ కంప్యూటర్ దగ్గరికొచ్చి బిగుసుకుంటుంది. జేపీజీగా మార్చి పంపరా అని చెప్పాలంటే తాతగారికి ముందు జేపీజీ అంటే ఏమిటో తెలియాలి.

ఇక ఫైలుకి తెలుగులో పేరు పెట్టిన పాపానికి పడే శిక్ష వేరు. ఇంగ్లీషు కాని పేర్లను ఎలా రాసి పంపాలో 1997లోనే పద్ధతి ఖరారైంది. దాన్ని ఒక మెయిల్ పాటిస్తుంది, ఇంకోటి తనకు తోచినట్టు రాస్తుంది, మూడోది రెండూ అర్థం కాక పేరే పీకేస్తుంది. 'దరఖాస్తు' అని ముద్దుగా పేరు పెట్టిన పీడీఎఫ్ 'నోనేమ్' అనే అనాథగా దిగుతుంది. పేరుతోపాటు చివరి పీడీఎఫ్ అనే తోకా తెగిపోవడంతో, దాన్ని దేంతో తెరవాలో కంప్యూటరుకి తోచదు. షాపు కుర్రాడు తెలివైనవాడైతే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరుస్తాడు. చెత్తలా కనిపించే ఆ గుర్తుల్లో మొట్టమొదట ఒక శాతం గుర్తు, దాని పక్కనే పీడీఎఫ్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. తోక తిరిగి అతికిస్తే ఫైలు లేచి కూర్చుంటుంది. కోట్లు పోసి కట్టిన మెయిల్ వ్యవస్థ చేయలేని పని, కాపీకి రూపాయో రెండో తీసుకునే కుర్రాడు చేశాడు.

ఫైలు తెరుచుకుంటే గండం గడిచినట్టేనా? పంపినవారు పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేయించారనుకోండి, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు బదులు డాలర్లు, బ్రాకెట్లు, నెత్తిన కొమ్ములున్న అక్షరాలు బారులు తీరతాయి. పుదుచ్చేరి కదా, ఫ్రెంచిలో జవాబిచ్చారని మురిసిపోకండి. యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికింది 1991లో. విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఫాంటు ఉచితంగా వచ్చింది 2001లో. యానాం ఉన్నది సాక్షాత్తూ ఆ గౌతమి ఒడ్డునే. అయినా ఆఫీసు కంప్యూటర్లో పాత ఫాంటు కదలదు. దాన్ని వేయించిన ఆపరేటర్ రిటైరై వెళ్లిపోయాడు, ఫాంటు మాత్రం పర్మనెంటు ఉద్యోగి.

ఇన్ని కష్టాలూ పడి హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే వచ్చే జవాబు అందరికీ కంఠతా వచ్చు. "మా వైపు బాగానే ఓపెన్ అవుతోందండీ." అవుతుంది నాయనా, ఎందుకు కాదు! నువ్వు రాసుకున్నది నీకు తెరుచుకోవడం కూడా గొప్పేనా? ఏ ఫైలు తెరుచుకోలేదో అదే "మళ్లీ పంపుతున్నాం" అంటారు. అక్షరం మార్చకుండా, సెట్టింగ్ ముట్టుకోకుండా, అదే మూట మళ్లీ పంపుతారు. ఈసారి సబ్జెక్ట్ ముందు 'అర్జెంట్' అని చేరుతుంది.

మొన్నటి విన్‌మెయిల్.డ్యాట్‌కి ఒక చెల్లెలు తోడొస్తుంది. అడుగున సంతకం కింద మాత్రం 'పర్యావరణాన్ని కాపాడండి, అవసరమైతేనే ప్రింట్ తీయండి' అని ఉంటుంది. ఆ ఒక్క వాక్యం ఏ ఫోన్లోనైనా, ఏ మెయిల్‌లోనైనా తళతళలాడుతూ తెరుచుకుంటుంది.